ఆఖరి ఓవర్ చూడని ఓబుళప్ప

మ్యాచ్ బిగుసుకునే కొద్దీ ఓబుళప్ప కాళ్ళు అతని మాట వినడం మానేసేవి. ముందు కుడి మోకాలు ఆడేది. తర్వాత ఎడమది. ఆ తర్వాత మనిషే లేచి, లుంగీ ఎగ్గట్టుకుని గడప దాటేవాడు. టీవీ ముందు చాప మీద అతను కూర్చున్న చోటు కాసేపు వెచ్చగా ఉండి చల్లబడేది. లోపల జనం అరిచే సమయానికి అతను మల్బరీ తోటలో ఏదో సాలు మధ్య నిలబడి ఉండేవాడు. అరుపును బట్టి ఏమై ఉంటుందో ఊహించేవాడు. ఊహించింది నిజమో కాదో తెలుసుకోవడానికి భయపడి ఇంకో సాలు దాకా నడిచేవాడు.

అలా ఇరవై ఏళ్ళు. క్రికెట్ తప్ప వేరే పిచ్చి ఎరగని మనిషి, నలభైకి దగ్గర పడుతున్నా, తన జట్టు ఆడిన ఏ మ్యాచ్‌లోనూ ఆఖరి ఓవర్ కళ్ళారా చూడలేదు.

అతనిది పెనుకొండకూ హిందూపురానికీ నడుమ, రైలు పట్టాలకు కాస్త పడమరగా ఉన్న చిన్న ఊరు. పొద్దు వాలితే పెనుకొండ కోటగుట్ట నీలంగా దగ్గరికి జరిగి, తెల్లవారితే మళ్ళీ దూరంగా పోయి నిలబడే ఊరు. బోరు కింద కాస్త మల్బరీ తోట, ఇంటి వెనక పట్టుపురుగుల షెడ్డు. అక్కడి నుంచి హైదరాబాదు ఒక రాత్రి ప్రయాణం. ఓబుళప్ప ఆ నగరాన్ని ఎన్నడూ చూడలేదు. అయినా హైదరాబాదు జట్టు అతనిది.

అది ఎలా అతనిదైందో చెప్పాలంటే ధర్మవరం వెళ్ళాలి. తొంభైలో, ఇరవై ఏళ్ళ వయసులో, నాయన అతన్ని అక్కడ ఒక నేత ఇంట్లో పని నేర్చుకోవడానికి పెట్టాడు. గుంతమగ్గం. నడుము దాకా నేలలోకి దిగి కూర్చుని, కాళ్ళతో చెక్కలు తొక్కుతూ చేతులతో నాడె విసరాలి. ఆ ఇంట్లో గూట్లో ఒక రేడియో ఉండేది. అతను చేరిన మొదటి వారమే రేడియోలో హైదరాబాదు ఓడిపోయింది. ఇంట్లో ఎవరూ అయ్యో అనలేదు. కొత్తగా వచ్చినవాడు, ఇంకా ఎవరూ సరిగ్గా పలకరించనివాడు, ఆ ఓడిపోయిన జట్టు కూడా తన పక్కనే గుంతలో దిగి కూర్చున్నట్టు అనుకున్నాడు.

ఆ తర్వాత రేడియో మోగినప్పుడల్లా అతని కాళ్ళు తప్పు చెక్క తొక్కేవి. చీర అంచులో లతలు పక్కదారి పట్టేవి. ఏడాది తిరక్కుండానే నేతాయన కోపం లేకుండానే చెప్పేశాడు.

"నీ కాళ్ళు గుంతలో నిలిచేటివి కాదప్పా. పొలంలో తిరిగే కాళ్ళు. ఇంటికి పోయి పురుగులు మేపుకో పో. నువ్వు మేపితే మేము నేస్తాం."

తిరిగి వస్తూ ధర్మవరం బజారులో ఒక రేడియో కొనుక్కున్నాడు. అప్పటికి హైదరాబాదు రంజీ ట్రోఫీ గెలిచి నాలుగేళ్ళు. గెలిచిన ఏడు అతని దగ్గర రేడియో లేదు. రేడియో వచ్చాక ఆ జట్టు ఆ కప్పు మళ్ళీ గెలవలేదు. రెండువేలలో ఫైనల్ దాకా పోయి ముంబై చేతిలో ఓడింది. ఆ నడుమ కర్ణాటక మూడుసార్లు గెలిచింది. ఈ సంగతి అతను గుర్తు పెట్టుకోనక్కర్లేదు. గుర్తుచేసే మనుషులు ఇంట్లోనే ఉన్నారు.

అతని భార్య పుష్పావతి కర్ణాటకలో గౌరిబిదనూరు పక్క పల్లె పిల్ల. పుట్టింట్లో కన్నడం, మెట్టినింట్లో తెలుగు. పురుగులకు ఆకు వేస్తూ తనలో తాను మాట్లాడుకునేటప్పుడు రెండూ కలిపేది. ఆమె పెళ్ళినాటికి లాగులు తొడుక్కుని తిరిగిన తమ్ముడు చంద్రమోహన్ పెరిగి పెద్దవాడై, హిందూపురం దగ్గర ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ అయ్యాడు. సెలవు దొరికితే బండేసుకుని అక్క ఇంటికి వచ్చేవాడు. వచ్చేది అక్క కోసమే అనేవాడు గానీ, గడపలో చెప్పులు విడవకముందే బావను వెతికేవాడు.

"బావా, నీది యా జిల్లా?"

"అనంతపురం. నీకు తెల్దా?"

"అనంతపురం ఆంధ్ర టీం కిందికొస్తాది. హైదరాబాదోళ్ళు వేరే. రూలు ప్రకారం నువ్వు ఆంధ్రకు చప్పట్లు కొట్టల్ల."

"ఆంధ్ర టీం యాడ ఆడతాదో నువ్వెప్పుడన్నా చూసినావా? పేపర్లో మూలన ఇంత రాస్తారు. అదీ ఓడిపోయిన దినం."

"సరే, అట్లయితే దగ్గరున్న ఊరు చూడు. బెంగుళూరు రెండు గంటలు. పన్ను నొప్పి లేస్తే బెంగుళూరు పోతావు. బోరు మోటరు కాలితే బెంగుళూరు పోతావు. ఆట కాడికి వచ్చేసరికి హైదరాబాదా? ఇదేం న్యాయం బావా?"

"అదంతే పోబ్బా," అని ఓబుళప్ప తువ్వాలు దులిపి భుజాన వేసుకునేవాడు. పుష్పావతి లోపల నుంచి నవ్వేది. ఆ నవ్వు ఎవరి వైపో అతనికి ఎప్పుడూ తెలిసేది కాదు.

రెండువేల ఎనిమిదిలో ఊళ్ళ పేర్లతో జట్లు వచ్చాయి. హైదరాబాదుకు ఒకటి, బెంగుళూరుకు ఒకటి. ప్రపంచంలోని పెద్ద పెద్ద ఆటగాళ్ళంతా హైదరాబాదు చొక్కా తొడుక్కుని పేపర్లో కనిపించిన ఉదయం ఓబుళప్ప ఆ పేపరును నాలుగు మడతలు పెట్టి జేబులో ఉంచుకుని రోజంతా తిరిగాడు. ఆకు కోస్తూ తీసి చూశాడు. అన్నం తింటూ తీసి చూశాడు. రాత్రికి చెమటకు తడిసి ఆటగాళ్ళ మొహాలు ఒకదానిలోకి ఒకటి కలిసిపోయాయి.

ఆ ఏడు ఎనిమిది జట్లలో హైదరాబాదు ఎనిమిదోది. సొంత మైదానంలో ఒక్క మ్యాచ్ గెలవలేదు. బెంగుళూరు ఏడోది. అయినా ఏడోవాడు ఎనిమిదోవాణ్ణి ఎగతాళి చేసిన తీరు చూడాల్సిందే.

"బావా, పైకి చూడు. ఆడ నేను కనపడతానా?" అనేవాడు చంద్రమోహన్ కుర్చీ ఎక్కి.

"నీ పైన ఇంకా ఆరుగురున్నారు. వాళ్ళను చూడు ఫస్టు."

"నాకు కిందికి చూడ్డమే బాగుండాది."

ఆ ఎండాకాలంలోనే ఒక సాయంత్రం, ఇంకా ఆరు ఓవర్లుండగా, ఊళ్ళో కరెంటు పోయింది. రాష్ట్రం దాటితే కరెంటు తీసే వేళలు వేరు. పుష్పావతి పుట్టింట్లో ఆ వేళకు కరెంటు ఉంటుందని ఓబుళప్పకు తెలుసు. మోపెడ్ తీసి పొలిమేరలు దాటుకుంటూ అత్తగారింటికి పోయాడు. దారిపొడుగునా చీకటి ఊళ్ళు, ఒక చోట నుంచి హఠాత్తుగా దీపాలు. అక్కడి నుంచి కర్ణాటక. అతను వెళ్ళేసరికి టీవీ ఆపేసి ఉంది. అత్తగారు మజ్జిగ ఇచ్చి ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడంలోనే స్కోరు తెలిసిపోయింది. మజ్జిగ తాగి, "ఊరికే వస్తి, చూసి పోదామని," అని తిరిగి బండెక్కాడు.

మరుసటి ఏడు వేసవిలో ఎన్నికలొచ్చాయి. టోర్నమెంటు దక్షిణాఫ్రికాకు తరలిపోయింది. సొంత ఊళ్ళో గెలవడం చేతగాని హైదరాబాదు సముద్రం దాటగానే గెలవడం మొదలుపెట్టింది. ఓబుళప్పకు సంతోషం కంటే భయమే ఎక్కువైంది. ఓడిపోయే జట్టుతో బతకడం అతనికి వచ్చు. గెలిచే జట్టును ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

అయినా ఆశ అతనితో ఒక పని చేయించింది. మే మొదట్లో పిల్ల పురుగులు తెచ్చుకోవడానికి చాకీ కేంద్రానికి పోయి, గోడకున్న క్యాలెండర్ ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఫైనల్ ఇరవైనాలుగు, ఆదివారం. పురుగులు పండి గూళ్ళు కట్టే రోజు మంగళవారం పడేలా తేదీ అడిగాడు. కేంద్రంలో మనిషి నవ్వాడు.

"ఏమప్పా, అందరూ ఇంట్లో పెండ్లిండ్లు చూసుకుని అడుగుతారు. నువ్వు మ్యాచ్ చూసుకుని అడుగుతాండావా? మీవోళ్ళు ఫైనల్‌కు వస్తారని ఎవురన్నా చెప్పినారా?"

"ఎవురూ చెప్పల్యా. వస్తే అడ్డం ఉండగూడదు కదప్పా."

ఆఖరి ఓవర్ చూడాలి. ఈసారి కూర్చుని, గడప దాటకుండా, చివరి బంతి దాకా చూడాలి. ఎవరికీ చెప్పలేదు గానీ అదే అతని మొక్కు.

పురుగులు నాలుగో జ్వరం నుంచి లేచాయి. పొర విడిచే ముందు మేత మాని తల ఎత్తి పడుకోవడాన్ని అక్కడ జ్వరం అంటారు. అది దాటాక వాటి ఆకలికి అంతుండదు. షెడ్డు తలుపు తీస్తే ఎడతెరిపి లేని చప్పుడు. స్టేడియం ఎన్నడూ చూడని ఓబుళప్పకు అది వేలమంది ఎక్కడో దూరంగా చప్పట్లు కొడుతున్నట్టు వినపడేది.

గురువారం హైదరాబాదుకూ బెంగుళూరుకూ మ్యాచ్. బిగుసుకోగానే కాళ్ళు లేచాయి. తోటలోకి కాకుండా ఈసారి షెడ్డులోకి నడిపించాయి. చేతులు ఊరికే ఉండలేక పురుగుల మీద ఆకు పరిచాడు. బయటికొచ్చి చెవి పెట్టి, మళ్ళీ లోపలికి పోయి ఇంకో విడత పరిచాడు. ఆ మ్యాచ్ బెంగుళూరు గెలిచింది. శుక్రవారం సెమీఫైనల్. హైదరాబాదు గెలిచింది. ఆకు. శనివారం రెండో సెమీఫైనల్. బెంగుళూరు గెలిచింది. ఆకు.

ఫైనల్లో హైదరాబాదు, బెంగుళూరు. పుష్పావతి ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ అతని కంచంలో ఒక గరిటె పప్పు ఎక్కువ వేసింది. ఓడిపోబోయేవాడికి పెట్టినట్టుంది అది.

ఆదివారం మధ్యాహ్నం షెడ్డు తలుపు తీస్తే చప్పుడు లేదు.

ఓబుళప్ప గడపలోనే ఆగిపోయాడు. చప్పట్లు ఆగిపోయాయి. ఆకు వేసింది వేసినట్టే ఉంది. పురుగులు తలలెత్తి గాలిలో దేన్నో వెతుకుతున్నాయి. కిటికీ వెలుగుకు అడ్డం పట్టిన ఒక పురుగు ఒళ్ళంతా తేనెరంగులో మెరిసింది.

ఎదురింటి ఉలిగమ్మవ్వను పిలిపించారు. ఊళ్ళో ఎవరి పురుగులకు ఏం తోచకపోయినా ఆమే రావాలి. కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చి, ఒక పురుగును అరచేతిలో వేసుకుని చూసి తిరిగి పెట్టింది.

"పండినాయి ఓబుళా. చంద్రికలు దించండి."

"ఇంకా రెండు దినాలుండాది కదవ్వా!"

"నీ లెక్క పురుగులకేం తెల్సు? ఎండ ఉండనే ఉండాది. అయినా ఇంత బిరీన పండవే. దినానికి ఎన్ని మేతలేసినావు?"

ఓబుళప్ప పైకప్పు వైపు చూశాడు. జవాబు పుష్పావతి చెప్పింది.

"నేను చెప్తానవ్వా. వికెట్ పడితే ఒక మేత. సిక్స్ కొడితే ఒక మేత. మూడు దినాలు ఇదే కథ. మనిషి కూర్చోడు, ఈటిని కూర్చోనీడు."

అవ్వ నోరు తెరిచి అతన్ని చూసి, తర్వాత పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. "బాగుండాది సంబడం. నీ గుబులంతా ఈటికి మేపినావు కదరా!"

పండిన పురుగు ఆగదు. వేళకు ఏరి చంద్రికల్లో, అంటే చుట్లు చుట్లుగా వెదురు దబ్బలు కట్టిన ఆ చాపల్లో వేయకపోతే ఎక్కడబడితే అక్కడ, ఎండిన ఆకుల్లోనే దారం తీసి పాడైపోతుంది. ఒక ఇంటి వల్ల అయ్యే పని కాదు. అందుకే ఊళ్ళో ముయ్యి ఉంది. ఈరోజు నా పురుగులకు నువ్వు రా, నీ పురుగులకు నేను వస్తాను. కూలి లేదు, కాదనడం లేదు. ఎవరింట్లో ఏ పని ఉన్నా ముయ్యికి పిలిస్తే రావాల్సిందే. ఓబుళప్ప కూడా ఇన్నేళ్ళలో ఒక్కరికీ రానని చెప్పలేదు.

ఆ సాయంత్రం అతను ఇంటింటికీ పోయి పిలుస్తుంటే ఒక్కొక్కరి మొహం చూడలేకపోయాడు.

"ఈ పొద్దేనా?" అన్నారు. "ఫైనల్ కదప్పా!" అన్నారు. చివరికి, "నీకు లేని బాధ మాకేంటికి, పా," అని తువ్వాలు భుజాన వేసుకుని వచ్చారు. తిట్టుకుంటూనే కాళ్ళు కడుక్కున్నారు.

చంద్రమోహన్ ఎర్రటి బెంగుళూరు టీషర్టు తొడుక్కుని, ఒంటికి సెంటు కొట్టుకుని, గుమ్మంలోనే "బావా!" అని కేక పెడుతూ దిగాడు. అవ్వ అడ్డం నిలబడింది.

"అరవగాకు. పురుగులు ఉలిక్కిపడతాయి. ఏమబ్బా, అత్తరు బుడ్డిలో పడినావా? ఆ వాసనకు ఒక్కటన్నా గూడు కడతాదా? పోసుకుని రా ఫస్టు. ఆ ఎర్రంగీ ఈడనే ఇడ్సు."

"అవ్వా, ఇది లక్కు టీషర్టు. సెమీఫైనల్‌కు కూడా ఇదే."

"అయితే నీ లక్కు ఆ దండెం మీద ఆరేయ్."

తలస్నానం చేసి, బావ పాత చొక్కా తొడుక్కుని లోపలికి వచ్చినప్పుడు చంద్రమోహన్ మొహంలో సగం వెలుగు పోయింది.

షెడ్డులో గుడ్డి బల్బు ఒక్కటే. వెలుగు ఎక్కువైతే పురుగులన్నీ ఒక పక్కకే పాకుతాయి. రేడియో వద్దు, ఫోన్లు వద్దు, గట్టి మాట వద్దు. అవ్వ ఇంకో మాట కూడా చెప్పింది. "దారం తీసేదానికి మొదలుపెట్టినదాన్ని మాత్రం కదిలించగాకండి. ఇల్లు కట్టుకునేటోళ్ళను లేపినట్ల అది."

నాలుగిళ్ళ అవతల, ఓబుళప్ప ఎప్పుడూ మ్యాచ్ చూసే జయరాముడి ఇల్లు. కిరాణం అంగడి, రంగుల టీవీ, దాని ముందు ముయ్యి లేని ఊరంతా. మ్యాచ్ మొదలైన కాసేపటికే అక్కడి నుంచి పెద్ద అరుపు లేచింది. షెడ్డులో చేతులన్నీ ఒక్క క్షణం ఆగాయి.

"ఎవురిది?" గుసగుసగా అడిగాడు చంద్రమోహన్.

ఎవరికీ తెలియదు. ఇన్నేళ్ళూ మల్బరీ తోటలో నిలబడి అరుపుకు అర్థం చెప్పుకున్న ఓబుళప్పకు కూడా తెలియలేదు. ఈరోజు ఊళ్ళో సగం అటు, సగం ఇటు. అన్ని అరుపులూ ఒకేలా ఉన్నాయి. నీళ్ళు తాగడానికి బయటికి పోయిన ఒకాయన వచ్చి చెప్పాడు. హైదరాబాదు కెప్టెన్ మొదటి ఓవర్‌లోనే, పరుగు చేయకుండా అవుటయ్యాడు. చంద్రమోహన్ పురుగు పట్టుకున్న చేతినే పిడికిలి చేయబోయి ఆపుకున్నాడు.

ఓబుళప్ప ఏరుతూనే ఉన్నాడు. తేనెరంగు పురుగు, తేనెరంగు పురుగు. చేతులకు పని ఉంది. కాళ్ళకు లేదు. రెండు మోకాళ్ళూ లుంగీ లోపల ఆడుతూనే ఉన్నాయి. హైదరాబాదు నూట నలభై మూడు కొట్టిందని తెలిసింది. ఎక్కువా తక్కువా ఎవరూ చెప్పలేకపోయారు. తర్వాత బెంగుళూరు ఆట. అరుపు, నిశ్శబ్దం, అరుపు. చంద్రికలు ఒక్కొక్కటే నిండి గోడకు చేరుతున్నాయి.

రెండు తట్టలు మిగిలాయనగా అవ్వ నడుము పట్టుకుని లేచింది.

"పోరా, పోయి చూసి రా. నీ కాళ్ళు చూస్తాంటే నాకు కండ్లు తిరుగుతాండాయి."

ఓబుళప్ప బామ్మర్ది వైపు చూశాడు. ఇద్దరూ పోతే పని ఆగుతుంది.

"నువ్వే పో బావా," అన్నాడు చంద్రమోహన్ తల ఎత్తకుండా. "ఈ అంగీతో నేను చూస్తే మావోళ్ళు ఓడతారు."

"అది నా అంగీ కదబ్బా."

"అందుకే చెప్తాండా."

పుష్పావతి గడప దాకా వచ్చింది. "కడదాకా చూసి చెప్పు. మల్ల తోటలోకి పోయి నిలబడితే నేనూరుకోను. మాకెవురు చెప్తారు?"

జయరాముడి ఇంట్లో ఈగ దూరే సందు లేదు. ఓబుళప్ప వీధిలోనే కిటికీ దగ్గర నిలబడి, కుడిచేత్తో ఇనుప ఊచ పట్టుకుని చూశాడు. తలల మీదుగా, తలల మధ్య నుంచి, ఒక ముక్క టీవీ. ఆకుపచ్చ మైదానం. అతని జట్టు. ఊచ పట్టుకునే రెండు ఓవర్లు చూశాడు. ఆఖరి ఓవర్. బెంగుళూరుకు పదిహేను కావాలి.

కుడి మోకాలు ఆడింది. తర్వాత ఎడమది. తోట ఎంతో దూరం లేదు. అక్కడ చల్లగా ఉంటుంది, చీకటిగా ఉంటుంది, ఏమైందో కాసేపు తెలియకుండా ఉంటుంది. మొదటి బంతి పడకముందే అతను వెనక్కి తిరగబోయాడు. ఊచ మీది నుంచి చేయి తీయబోయి చూశాడు.

చొక్కా మణికట్టు మడతలో ఒక పురుగు. షెడ్డు నుంచి అతనితో పాటు వచ్చేసింది. తల ఇటు తిప్పి, అటు తిప్పి, మళ్ళీ ఇటు తిప్పి దారం తీస్తోంది. టీవీ వెలుగు మారినప్పుడల్లా ఆ దారం ఒకసారి కనిపించి ఒకసారి మాయమవుతోంది. చొక్కా అంచు నుంచి ఇనుప ఊచకు, ఊచ నుంచి చొక్కాకు. ఊదితే తెగే దారం. అతన్ని కిటికీకి కట్టేసింది.

అతను ఆ ఆలోచనలో ఉండగానే మొదటి బంతి పడిపోయింది. బెంగుళూరుకు కావలసినంత రాలేదు.

కదలకుండా నిలబడ్డాడు కాబట్టి రాలేదు. ఓబుళప్పకు ఇందులో ఏ అనుమానమూ లేదు. క్రికెట్ చూసే ఏ మనిషికీ ఉండదు. మంచి జరుగుతున్నప్పుడు కూర్చున్నవాడు కూర్చునే ఉండాలి, ఒంటికాలి మీద ఉన్నవాడు ఒంటికాలి మీదే ఉండాలి. పురుగు తల తిప్పుతోంది. ఓబుళప్ప ఊపిరి కూడా సగమే తీస్తున్నాడు. కాళ్ళు లోలోపల పరుగెడుతున్నాయి, పిక్కల్లో, అరికాళ్ళలో. పైకి మాత్రం కదలడం లేదు. బంతులు తరుగుతున్నాయి. కావలసిన పరుగులు అంత త్వరగా తరగడం లేదు. ఎవరో అడ్డం లేచారు. "కూర్చో అప్పా!" అని అరవబోయి అరవలేదు. తల కొంచెం వంచి ఆ మనిషి చంక కింద నుంచి చూశాడు. చేయి ఊచ మీదే ఉంచాడు.

చివరి బంతి కూడా చూశాడు. ఆరు పరుగుల తేడా.

ఇంట్లో సగం మంది పైకి లేచారు. సగం మంది కూర్చున్న చోటే ఇంకాస్త కిందికి జారారు. ఓబుళప్ప నోరు తెరిచాడు. ఇరవై ఏళ్ళుగా దాచిపెట్టుకున్న కేక గొంతులో ఎక్కడో ఉంది. దాన్ని తీయాలంటే ఒళ్ళు కదలాలి. ఒళ్ళు కదిలితే దారం తెగుతుంది. నోరు అలాగే తెరుచుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా, ఒక చేత్తో ఊచ పట్టుకుని నిలబడ్డాడు. బయటికి వస్తున్నవాళ్ళు చీకట్లో అతన్ని పోల్చుకోక, బెంగుళూరు మనిషేమో, పాపం, అనుకుని పక్కకు తప్పుకుని పోయారు.

కాసేపటికి పుష్పావతి వచ్చింది, ఆయాసపడుతూ.

"తోటంతా వెతికితి కదయ్యా! ఈడనే ఉండావా? ఏమాయె?"

"గెలిచినాము."

"ఎవురు? మీరా, మేమా?"

"మేము," అన్నాడు. ఆ తర్వాత, ఆ మాట ఆమె మీద పడ్డ తీరు చూసి, "చివరిదాకా చూస్తి పుష్పా. నిలబడుకుని చూస్తి," అన్నాడు.

"నిలబడుకుని చూస్తివా, నువ్వా?" ఆమె దగ్గరికి వచ్చి అతని చేతిని చూసింది, దారాన్ని చూసింది. ఓడిపోయిన మొహంలోనే నవ్వు వచ్చేసింది. "ఓహో. దీన్ని కాదా నేనింతకాలం తెచ్చి కట్టల్సింది!"

గుండీలు ఆమే విప్పింది. ఒక చేయి, మెడ, ఆ తర్వాత కుడిచేయి మెల్లగా, చర్మం వొలిచినట్టు. చొక్కా ఊచకు వేలాడుతూ ఉండిపోయింది. పురుగు తల తిప్పడం ఆపలేదు.

షెడ్డులో చంద్రమోహన్ ఆఖరి తట్ట మీద వంగి ఉన్నాడు. చొక్కా లేకుండా వచ్చిన బావను ఒక్కసారి చూసి మళ్ళీ వంగాడు.

"చెప్పొద్దు బావా. తెలిసింది." ఒక పురుగును తీసి చంద్రికలో మెత్తగా పెట్టాడు. ఇంకొకదాన్ని పెట్టాడు. "ఎంతతో?"

"ఆరు."

"ఆరేనా?" అన్నాడు. కాసేపు ఏరాడు. "ఆరంటే ఒక్క సిక్స్ బావా." ఓబుళప్ప పక్కన కూర్చుని తట్టలో చేయి పెట్టాడు. ఇద్దరి చేతులూ ఒకే తట్టలో తిరిగాయి. అవ్వ అటు తిరిగి తట్టలు సర్దుతూ విననట్టే ఉంది. తట్ట ఖాళీ అవుతుండగా చంద్రమోహన్ ముక్కు తుడుచుకుని గుసగుసగా అన్నాడు. "వచ్చే ఏడు చూస్తాం."

వచ్చే ఏడు.

ఓబుళప్ప చేయి ఆగింది. అప్పటిదాకా ఆ మాట అతనికి తట్టలేదు. వచ్చే ఏడు కూడా ఆడతారు. ఇప్పుడు గెలిచినవాళ్ళు అప్పుడు ఓడిపోవచ్చు. ఇంతకుముందు పోగొట్టుకోవడానికి ఏమీ ఉండేది కాదు. కుడి మోకాలు మెల్లగా ఆడటం మొదలుపెట్టింది.

తెల్లవారాక జయరాముడు అంగడి తెరుస్తూనే కేకేశాడు. "ఏమప్పా ఓబుళప్పా, నీ అంగీ నా కిటికీకి ఏంటికి కట్టినావు? నేను రెక్కలు మూసుకోవల్లనా వద్దా?"

"రెండు దినాలు ఆగప్పా. ఇంకా కడతాండాది."

ఊరి మీద ఎండ పడుతోంది. కోటగుట్ట దూరంగా తన చోటికి పోయి నిలబడింది. చొక్కాకూ ఊచకూ మధ్య పలచటి తెల్లటి గూడు, ఇంకా లోపల కనపడేంత పలచగా. ఓబుళప్ప కళ్ళు చిట్లించి చూశాడు. లోపల ఆ తల ఇంకా తిరుగుతూనే ఉంది. షెడ్డుకు పోయి చంద్రికలు చూసుకుని మళ్ళీ వచ్చాడు. తోటకు పోయి మళ్ళీ వచ్చాడు. పుష్పావతి పొయ్యి దగ్గర నుంచి అతని రాకపోకలు చూసింది. దండెం మీద చంద్రమోహన్ మరిచిపోయిన ఎర్ర టీషర్టును తీసి మడతపెట్టి, వచ్చే ఏడుకని పెట్టెలో అడుగున దాచింది.